ఖాళీ గుంటలో నీలం

దాలినాయుడు తెచ్చిన పళ్లేన్ని మాస్టారు సరిగ్గా చూడనే లేదు.

చూడలేదంటే, కళ్ళతో చూశారు. అది అరచెయ్యంత ప్లాస్టిక్ పళ్లెం. దాని నిండా శనగగింజ పట్టేపాటి గుంటలు. గుంటగుంటకీ నీలం. మాస్టారు దాన్ని కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుని, చివరి వరస మీదికి వేలు పోనిచ్చి అడిగారు.

"ఖాళీ వరస ఏదీ?"

"ఈసారి ఉంచలేదు మాస్టారూ. అన్ని వరసల్లోనూ అక్క రక్తంలోంచి తీసిందే వేశాను."

మాస్టారు పళ్లేన్ని మళ్ళీ అతని చేతిలోనే పెట్టి టీ తాగడానికి వెళ్ళిపోయారు.

ఏళ్ళ తరబడి చేసిన చాకిరీకి జవాబు అదీ. దాలినాయుడు వడ్డించడానికి గిన్నె పట్టుకుని వెళ్తే అప్పటికే విస్తళ్ళు ఎత్తేసినట్టు నిలబడిపోయాడు.

అప్పటికి సంగతి ఊరంతా పాకిపోయింది. దానికి కారణం దాలినాయుడి బావ తవుడు. తవుడు చెవిలో ఒక మాట వేస్తే, అది కడుపులోకి దిగేలోగానే నోట్లోంచి బయటికి వచ్చేస్తుంది. బంగారయ్య టీ బడ్డీ దగ్గర నిలబడి, "మా బావమరిది మందు కనిపెట్టీసినాడు" అన్నాడు.

"ఏ మందు?" అన్నాడు బంగారయ్య.

"నీలంగా ఉంటాది."

అంతకుమించి తవుడికీ తెలీదు, బంగారయ్యకీ అక్కర్లేదు. మర్నాటికి మోకాళ్ళ నొప్పులవాళ్ళు ఇద్దరు, పొలానికి చీడ పట్టినాయన ఒకరు, నీలం మందు ఎప్పుడిస్తారని వాకబు చెయ్యడం మొదలుపెట్టారు.

మాస్టారి బడి సంగతి కొంచెం చెప్పాలి.

చీపురువలస పొలిమేరలో మూతబడిన జీడిపప్పు గోదాము ఒకటుంది. రుక్నుద్దీన్ మాస్టారు పట్నంలో యూనివర్సిటీలో పాఠాలు చెప్పి చెప్పి రిటైరై, ఆ గోదాము అద్దెకి తీసుకుని అందులో చిన్న పరిశోధనశాల పెట్టుకున్నారు. ఊరివాళ్ళు మొదట ఆయన్ని డాక్టరనుకున్నారు. మందివ్వకపోయేసరికి తాయెత్తులు కట్టే సాయిబనుకున్నారు. ఒకావిడ ఏడుపు మానని పిల్లని చంకనేసుకొచ్చి మంత్రం ఊదమంటే, ఆయన కంగారుపడి బిస్కెట్టు ఇచ్చారు. పిల్ల ఏడుపు మానింది. ఆయన మహిమ చుట్టుపక్కల ఊళ్ళకి కూడా పాకింది. పాపం, బిస్కెట్లకి చాలా ఖర్చయింది.

లోపల ఏం చేస్తారని సర్పంచి అడిగితే, "దేనికి ఏది అతుక్కుంటుందో చూస్తాం" అన్నారు మాస్టారు. ఊరు అప్పటికప్పుడు దానికి అతుకుల బడి అని పేరు పెట్టేసింది. పెద్ద చదువులవాళ్ళు కూడా అంతకంటే సరిగ్గా చెప్పలేరు.

ఆ బడిలో పళ్లేలకి పాలు పడతారని ఊళ్ళో ఒక వింత. అందులో అబద్ధమేం లేదు. గుంట అడుగున ముందు ఒక ప్రోటీను వేస్తారు. అది ప్లాస్టిక్‌ని అంటిపెట్టుకుని ఉంటుంది. ప్రోటీను పరుచుకోని బోడి చోట్లు మిగిలిపోతాయి కదా, వాటిని కప్పడానికి పాలపొడి కలిపిన నీళ్ళు పోస్తారు. ఆ తర్వాత పరీక్ష చెయ్యవలసిన పెప్టైడు, అంటే చిన్న ప్రోటీను ముక్క, పోస్తారు. కడుగుతారు. మళ్ళీ కడుగుతారు. చివర రంగు మందు చుక్క వేస్తారు. పెప్టైడు ఇంకా పట్టుకుని ఉన్న చోట నీలం వస్తుంది. కొట్టుకుపోయిన చోట ఏమీ రాదు.

ఇందులో మాస్టారికి ఒక పట్టింపు ఉంది. ప్రతి పళ్లెంలోనూ చివరి వరసలో ప్రోటీను వెయ్యకూడదు. ఒట్టి పాలు పోసి వదిలెయ్యాలి. మిగతా అన్నిట్లో పోసినవన్నీ అందులోనూ పొయ్యాలి. శిష్యులు పళ్లెం తెస్తే ఆయన ముందు ఆ వరసే చూసేవారు. అది తెల్లగా ఉంటేనే పైకి కళ్ళెత్తేవారు. ఏమీ లేని చోట ఏముందో చూసేవాడని, శిష్యులు ఆయన వినకుండా నవ్వుకునేవారు. ఎందుకలా అని అడిగితే ఆయన ఏనాడూ చెప్పలేదు. "ఖాళీ వరస ఉంచు" అనేవారు, అంతే.

దాలినాయుడు ఆ బడిలో చేరింది అక్క కోసం.

అప్పలనరస అంటే ఒకప్పుడు కుళాయి దగ్గర బిందెలు వాటంతటవే వరసలో నిలబడేవి. ఆ నోటికి ఊళ్ళో అంత మర్యాద. తవుడు ఆమెని పెళ్ళి చేసుకున్న రోజునే మాట్లాడ్డం మానేసి వినడం మొదలుపెట్టాడనీ, అందుకే బడ్డీ దగ్గర అంత వాగుతాడనీ అంటారు.

జబ్బు మొదట రెప్పల్లో దిగింది. సాయంత్రమయ్యేసరికి వాలిపోయేవి. నిద్రమత్తు అనుకున్నారు. తర్వాత దవడలోకి వచ్చింది. పొద్దున్న నమిలిన నోరు సాయంత్రం నమల్లేదు. అందుకని ఆ ఇంట్లో అసలు భోజనం పొద్దున్నే పెట్టుకునేవారు. చివరికి నాలుక. పొద్దెక్కేకొద్దీ మాట ముక్కులోంచి వచ్చి సగం దారిలో ఆగిపోయేది. కుళాయి దగ్గర వరసలు చెదిరిపోయాయి. ఆవిడ చేత తిట్లు తిన్నవాళ్ళే వచ్చి మంచం పక్కన కూర్చుని, "ఓసారి తిట్టే నరసా" అనేవారు. ఆమె నవ్వేది. నవ్వితే మూతి కొసలు పైకి లేవవు, పళ్ళు మాత్రం కనిపిస్తాయి. కొత్తవాళ్ళు కోపమనుకుని లేచి వెళ్ళిపోయేవారు.

ఇంటికెవరైనా వస్తే వేలితో రెప్ప పైకెత్తి చూసేది. ఎవరో తెలిశాక వేలు తీసేసేది. రెప్ప పడిపోయేది.

ఒళ్ళే ఒంటిని పట్టుకుందన్నాడు పట్నం డాక్టరు. నరం చెప్పే మాట అందుకోవడానికి కండ మీద ఒక ప్రోటీను ఉంటుంది. ఒంట్లో కాపలా తిరిగే యాంటీబాడీలు దాన్ని పరాయిదనుకుని పట్టుకుంటున్నాయి. పగేమీ లేదు, పొరపాటే. పట్టు మాత్రం గట్టిది. నరం పిలుస్తూనే ఉంటుంది, కండకి వినపడదు. మాత్ర వేసుకుంటే కాసేపు వినపడుతుంది. మళ్ళీ మాత్ర.

"వాటికి కళ్ళు లేవు కదా మాస్టారూ," అని అడిగాడు దాలినాయుడు చేరిన కొత్తలో. "ఒంట్లో అన్ని వేల ప్రోటీన్లున్నాయి. ఏది తమదో ఎలా గుర్తుపడతాయి?"

మాస్టారు చెప్పులేసుకుని, "పద, సంతకెళ్దాం" అన్నారు.

సంతరోజు బస్సు. లోపల ఊపిరి తీసుకోవాలంటే పక్కవాడిని అడగాలి. ఒకడి మోచెయ్యి ఒకడి వీపులో, ఒకరి బుట్ట ఇంకొకరి తలమీద. ఎండుచేపల సంచీ ఒకటి దాలినాయుడి చంకలో ఇరుక్కుంది. అది ఎవరిదో దిగేదాకా తెలియలేదు. మాస్టారు కడ్డీ పట్టుకుని కళ్ళు మూసుకుని ఊగుతూ నిలబడ్డారు.

సంత దగ్గర బస్సు ఆగింది. అంతా బిలబిలా దిగిపోయారు. ఒక్క ముసలావిడ మాత్రం దాలినాయుడి చొక్కా కొస పిడికిట్లో పట్టుకుని అలాగే ఉంది.

"ఎంతమంది తగిలారు?" అన్నారు మాస్టారు.

"బస్సంతా తగిలింది మాస్టారూ."

"ఎవరు మిగిలారు?"

దాలినాయుడు ముసలావిడని చూపించాడు. అతని మొహం వెలిగిపోయింది. యాంటీబాడీలు గుర్తుపట్టి దగ్గరికి రావు! అందరితోనూ ఒరుసుకుంటూ పోతాయి, తగనిచోట విడిపోతాయి, తగినచోట ఉండిపోతాయి. ఆ ఉండిపోవడానికే మనం గుర్తుపట్టడమని పేరు పెట్టుకున్నాం. అందుకే కడుగుతాం, మళ్ళీ కడుగుతాం.

"ఆవిడ నువ్వెవరనుకుందిట?" అన్నారు మాస్టారు.

దాలినాయుడు వంగి అడిగాడు. "మా సింహాద్రివి కాదేటి?" అంది ముసలావిడ.

దాలినాయుడు పడీపడీ నవ్వాడు. మాస్టారు నవ్వలేదు. ముసలావిడ పిడికిలి మెల్లగా విప్పి, ఆవిడని చెయ్యి పట్టుకుని దించారు.

ఆ రోజునుంచీ దాలినాయుడికి ఒకటే మాట. "తగలడం కాదు బావా, విడవకపోవడం. అదీ అసలు సంగతి." తవుడు ఆ మాటని బడ్డీ దగ్గర తన పెళ్ళికి అన్వయించి చెప్పి బాగా నవ్వించాడు.

దాలినాయుడి ఆలోచన తప్పుడుది కాదు. ప్రోటీను అంటే పొడుగాటి పూసల దండ తనమీద తానే చుట్టుకుని ఉండ కట్టినట్టుంటుంది. ఆ ఉండకి గుంటలూ మిట్టలూ ఉంటాయి. పెప్టైడు అలాంటి దండలోంచి తెగిన చిన్న ముక్క. నీళ్ళలో మెలికలు తిరుగుతూ ఉంటుంది, దానికంటూ ఒక రూపం ఉండదు. తనకి తగిన గుంట తగిలినప్పుడు అందులో ఒదిగి, అప్పుడొక రూపానికి వస్తుంది. అక్క ఒంట్లోని యాంటీబాడీల పిడికిట్లో ఒదిగే ముక్క ఒకటి దొరికితే, అవి దాన్ని పట్టుకుని కూర్చుంటాయి. కండల్ని వదిలేస్తాయి. అక్క రెప్పలు లేస్తాయి.

అక్క రక్తంలోంచి తీసిన యాంటీబాడీలు గుంటల్లో పరిచాడు. రకరకాల పెప్టైడులు, లెక్కకి అందనన్ని, ఒకే నీళ్ళలో కలిపి వాటి మీద పోశాడు. కడిగాడు. మిగిలినవాటి సంఖ్య పెంచి మళ్ళీ పోశాడు. ఇంకా గట్టిగా కడిగాడు. ఖాళీ వరస తప్పకుండా ఉంచేవాడు. ఉంచి ఉంచి, ఏదీ నిలబడక, ఏళ్ళు గడిచాయి.

ఈలోగా అక్క మెడ కూడా వాలిపోవడం మొదలైంది. ఒక చెయ్యి గడ్డం కింద పెట్టుకుని, ఇంకో చెయ్యి రెప్పకి పెట్టుకుని కూర్చునేది. "దేవుడు రెండు సేతులే ఇచ్చినాడు, ఇంక విసనకర్ర ఎవుడు పట్టుకుంతాడురా?" అనేది తమ్ముడితో.

ఆ మాట విన్న రోజునే దాలినాయుడు ఖాళీ వరస మానేశాడు. ఆ వరసలో కూడా అక్క యాంటీబాడీలే వేస్తే ఇంకొన్ని పెప్టైడులు త్వరగా చూడొచ్చు. ఏమీ లేని చోటికోసం అక్క ఎన్నాళ్ళు గడ్డం పట్టుకుని కూర్చుంటుంది?

కొన్నాళ్ళకి ఒక పెప్టైడు నిలబడింది. ఎంత కడిగినా పోలేదు. ఉప్పునీళ్ళతో కడిగాడు, సబ్బునీళ్ళతో కడిగాడు. పోలేదు. పళ్లెమంతా నీలం.

ఆ సాయంత్రమే అక్క దగ్గరికి పరుగెత్తాడు. "దొరికిందక్కా!" అన్నాడు. ఆమె వేలితో రెప్పెత్తి అతన్ని చాలాసేపు చూసింది. ఇంకో చేత్తో అతని చెంప తడిమింది. గడ్డం కింద ఆధారం పోయి తల గుండెల మీదికి వాలిపోయింది.

మాస్టారు చూడకుండా తిరిగిచ్చింది ఆ పళ్లేన్నే.

దాలినాయుడు ఒకటి రెండు రోజులు ఆగాడు. తర్వాత మాస్టారి ముందుకెళ్ళి నిలబడ్డాడు.

"నామీద నమ్మకం లేదా మాస్టారూ?"

మాస్టారు టీ గ్లాసు కింద పెట్టారు.

"పట్నంలో పెద్ద పరిశోధనశాలకి పంపిస్తే ఎలుకల మీద చూస్తారు. మీరు ఒక మాట రాస్తే చాలు. అక్క ఎలా ఉందో మీకు తెలుసు. నేను ఇంకెన్నిసార్లు కడగాలి?"

మాస్టారు లోపలికెళ్ళి ఒక పళ్లెం తెచ్చారు. మూత పెట్టి ఉంది. గుంటల్లో పాలు.

"దీనికి పెట్టు నీ పెప్టైడు."

"ఇందులో ఏం వేశారు?"

"పెట్టి చూడు."

దాలినాయుడికి అర్థమైపోయింది. అర్థమైపోవడంలో అతన్ని మించినవాడు ఆ బడిలో లేడు. ఇది పరీక్ష. మాస్టారు అక్క యాంటీబాడీలని గుంట గుంటకీ తగ్గించుకుంటూ వేసి ఉంటారు, ఎంత తక్కువున్నా తన పెప్టైడు పట్టుకుంటుందో లేదో చూడ్డానికి. అంతేగదా, చూపిస్తే పోలా? పెప్టైడు పోశాడు. కడిగాడు. మామూలు కంటే ఎక్కువే కడిగాడు.

చివరి చుక్క మాత్రం వెయ్యలేదు. అది అక్క ముందు వెయ్యాలనుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే తవుడు అప్పలనరసని బండి మీద కూర్చోబెట్టుకుని తీసుకొచ్చాడు. పొద్దున్న పూట ఆమె కాస్త బాగుంటుంది. ఇస్త్రీ చీర కట్టుకుంది, పూలు పెట్టుకుంది. గోదాము గుమ్మంలో ఆగి రెప్పెత్తి చుట్టూ చూసింది.

"ఇదేటిరా, లోపల ఇంత బోడిగా ఉంది? జీడిపిక్కలున్నప్పుడే బాగుండేది," అంది. తవుడు మురిసిపోయాడు. ఆమె దేనికైనా వంక పెట్టి చాలాకాలమైంది.

మాస్టారు అప్పటికింకా రాలేదు. దాలినాయుడు అక్కని స్టూలు మీద కూర్చోబెట్టి, పళ్లేన్ని ఆమె ముందు పెట్టి, గుంట గుంటకీ రంగు మందు చుక్క వేశాడు.

"చూడక్కా. నీలం రావాలి. వచ్చిన చోటల్లా నా పెప్టైడు పట్టుకున్నట్టు."

"రాపోతే?"

"వస్తుంది."

ఆమె ఒక వేలు రెప్పకి పెట్టుకుని వంగి చూసింది. మొదట ఏమీ లేదు. తర్వాత ఒక మూల, పాలల్లో సిరా చుక్క పడ్డట్టు. దాని పక్కది. ఆ పక్కది. చూస్తూ ఉండగానే పళ్లెమంతా ఎక్కేసింది. ఏ గుంటా తక్కువ కాదు, ఏ గుంటా ఎక్కువ కాదు. అంత అందమైన నీలం దాలినాయుడు కూడా అదివరకు చూడలేదు.

"ఓలమ్మ," అంది అప్పలనరస. "సీర కొంటే ఈ రంగే కొనాలి."

"కొంటానే! రేపే కొంటాను," అన్నాడు తవుడు. అప్పుడే బడ్డీ వైపు ఒక అడుగు వేశాడు కూడా.

అదిగో, అప్పుడు వచ్చారు మాస్టారు. గుమ్మంలో నిలబడి ముందు పళ్లేన్ని చూశారు. ఆ తర్వాత స్టూలు మీద ఉన్నదెవరో చూశారు. ఆయన గుమ్మం దాటడానికి కొంచెంసేపు పట్టింది.

"చెప్పండి మాస్టారూ," అన్నాడు దాలినాయుడు. గొంతులో దాచుకున్నా దాగని గర్వం. "ఇందులో ఎంతెంత వేశారో మీరే చెప్పండి. అక్క వినాలి."

మాస్టారు అతని వైపు చూడలేదు.

"అమ్మా, మాత్రలు వేసుకుంటున్నావా?"

"సగం సగం ఏసుకుంతన్నాను బాబూ," అంది అప్పలనరస. "కడుపు కోసేస్తంది అవి ఏసుకుంతే. ఇంకెన్నాళ్ళులే, మావోడి మందు వచ్చేస్తంది కదా అని..."

"ఎన్నాళ్ళనుంచి?"

"ఈడు దొరికిందని సెప్పిన కాణ్ణుంచి."

మాస్టారు గోడకి చెయ్యి ఆనించారు.

దాలినాయుడికి ఆ మాటలు చెవిన పడ్డాయి గాని లోపలికి పోలేదు. "మాస్టారూ, ఏం వేశారు?" అన్నాడు మళ్ళీ.

"పాలు."

"పాలు సరే. పాలకి ముందు?"

"పాలు."

తవుడు నవ్వాడు. అది హాస్యమనుకున్నాడు పాపం. ఎవరూ నవ్వకపోయేసరికి అతని నవ్వు కూడా ఒక్కటే నిలబడలేక ఆగిపోయింది.

దాలినాయుడు పళ్లేన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. నీలం ఎటు తిప్పినా నీలంగానే ఉంది.

"అయితే ఒరే," అంది అప్పలనరస నెమ్మదిగా, "ఇందులో నాదేటీ లేదా?"

అతను పళ్లెం మీదికి వంగాడు.

"మరి నీది దేన్ని పట్టుకున్నాదిరా?"

మాస్టారే చెప్పారు. "పళ్లేన్నమ్మా."

దాలినాయుడు బొటనవేలితో పళ్లెం అంచు రుద్దాడు. "ఎంత కడిగాను మాస్టారూ. ఉప్పుతో కడిగాను. సబ్బుతో కడిగాను. పోలేదు."

"పోదు," అన్నారు మాస్టారు.

అప్పలనరస పెదాలు విడిపోయి పళ్ళు కనిపించాయి. మూతి కొసలు పైకి లేవలేదు. అది నవ్వో కోపమో, ఆ మొహాన్ని పుట్టినప్పటినుంచీ ఎరిగిన దాలినాయుడికి కూడా తెలియలేదు. ఆమె రెప్పమీంచి వేలు తీసేసింది. రెప్ప పడిపోయింది. దాంతోపాటు తల కూడా. పూలు జారి పళ్లెం పక్కన పడ్డాయి.

"నరసా," అన్నాడు తవుడు.

ఆమె ఊపిరి తీసుకోవడం వినపడింది. ఊపిరి వినపడకూడదు. మనిషి పక్కన నిలబడితే వినపడనిదే ఊపిరి. ఇప్పుడు గదంతా వినపడుతోంది, చిన్న చిన్న ముక్కలుగా.

"ఆటో," అన్నారు మాస్టారు. "తవుడూ, ఆటో. పట్నం ఆస్పత్రికి."

తవుడు పరుగెత్తాడు. చీపురువలసలో తవుడు ఎవరికీ ఏమీ చెప్పకుండా బడ్డీ దాటి పోవడం అదే మొదటిసారి. బంగారయ్య గ్లాసు కడుగుతున్నవాడు కడుగుతూనే నిలబడిపోయాడు.

దాలినాయుడు కదల్లేదు. చేతిలో పళ్లెం అలాగే ఉంది. మాస్టారు దాన్ని తీసుకోబోతే వేళ్ళు వదల్లేదు. ఆయన ఒక్కొక్క వేలూ విప్పి తీసుకోవలసి వచ్చింది. ఆయన దాన్ని పారబొయ్యలేదు. బల్లమీద, వెలుతురు పడేచోట పెట్టారు.

ఆటోలో వెనక సీట్లో అప్పలనరసని మధ్యన కూర్చోబెట్టారు. అటు తవుడు, ఇటు మాస్టారు. దాలినాయుడికి చోటు లేక ముందు డ్రైవరు పక్కన ఇరుక్కున్నాడు. ఊరు దాటుతుంటే నీలం మందు కోసం మోకాళ్ళ నొప్పులాయన చెయ్యెత్తి ఏదో అడిగాడు. ఎవరూ చూడలేదు.

డ్రైవరు తలపైన ఒక చిన్న అద్దం ఉంది. అందులో దాలినాయుడికి వెనక సీటు కనిపిస్తోంది. అక్క రెప్పలు రెండూ మూసుకుపోయాయి. ఎత్తడానికి వేలు లేవడం లేదు. తవుడు ఆమె గడ్డం పట్టుకుని, తల వాలిపోకుండా ఆపుతూ కూర్చున్నాడు.

కల్వర్టు దగ్గర ఆటో గతుకులో పడింది. అక్క చెయ్యి గాల్లో వెతుక్కుంది. పక్కన ఏదో తగిలింది. పట్టుకుంది. మాస్టారి లాల్చీ చెయ్యి.

దాలినాయుడు అద్దంలో ఆ పిడికిలిని చూశాడు. అలాంటి పిడికిలి అదివరకొకసారి చూశాడు. సంత బస్సులో, తన చొక్కా కొస మీద. ఆ రోజు తను నవ్వాడు.

"దాలీ," అంది అక్క, ఆ లాల్చీ చెయ్యి వదలకుండా. మాట ముక్కులోంచి, సగం సగం వచ్చింది. "ఏడవకురా."

దాలినాయుడు వెనక్కి తిరగబోయాడు. అద్దంలో మాస్టారి కళ్ళు కనిపించాయి. తిరగలేకపోయాడు.

"ఇంకో పళ్లెం... పెట్టుకుందువు గాని." ఆమె ఆగి ఊపిరి తీసుకుంది. "పొద్దుట్నించి... ఏటైనా తిన్నావా?"

మాస్టారు చెయ్యి కదపలేదు. ఆమె పిడికిలి మీద తన రెండో చెయ్యి వేశారు.

"ఊఁ," అన్నారు.